కోడలు అనగా

అమీర్‌పేట,
8-11-1999

నాగక్కకి,

వసుమతి నమస్కారాలు. పెద్దమ్మ తుంటి ఎలా ఉంది? మంచం దిగిందా? మామయ్యగారి పెద్దకర్మ అయిన మర్నాడే నువ్వు మీ అమ్మ దగ్గరికి పరుగెత్తావు. నువ్వటు రైలెక్కావో లేదో, ఇల్లు బావురుమంటోంది. మేడ మీద తాళం చూసి నీ మెస్సు పిల్లలు రోజూ కింద మా తలుపు కొడుతున్నారు. ఆ సిద్దిపేట అబ్బాయి దుర్గేష్ నిన్న వచ్చి, "ఆంటీ, అక్క ఎప్పుడొస్తది? బయట తిండి తిని మస్తు పరేషాన్ అయితున్నం. జర జల్ది రమ్మనుండ్రి" అన్నాడు. నేను ఆంటీనట, నువ్వు అక్కవట! నాకంటే నాలుగేళ్ళు పెద్దదానివి. ఏం మందు పెట్టావే తల్లీ ఆ పిల్లలకి!

సరే, అసలు సంగతికొస్తాను. బీరువాలో మామయ్యగారి విల్లు దొరికింది. ఆయన దస్తూరీయే, ఒక్క పేజీ. అడుగున సాక్షి సంతకాలు హుస్సేన్ భాయ్‌వి, ఫఖ్రున్నీసా గారివి. అదే, మన సందు మొదట్లో జిరాక్సు షాపు వాళ్ళవి. మీ బావ దాన్ని పంజాగుట్టలో లాయరు రామ్మోహనరావుగారి దగ్గరికి తీసుకెళ్ళారు, నన్నూ వెంటబెట్టుకుని. లాయరుగారు ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, "ఏంటండీ ఇది, ఒక్కళ్ళ పేరూ లేదు!" అన్నారు.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చూడు: "చలపతిరావు అను నేను బుద్ధి తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నది. కింది ఇల్లు మా అమ్మాయికి. మేడ మీది వాటా మా కోడలికి. మావాడికి నా చేతిగడియారం. అది వేళకి నడుస్తుంది, వాడూ నేర్చుకోవాలి."

అంతే. మామయ్యగారికి అమ్మాయెక్కడుందక్కా? పుట్టిన పాప ఏడాది తిరక్కుండానే పోయిందని అత్తయ్యగారు చెబుతుండేవారు. చివరి రోజుల్లో ఆ పాపే గుర్తొచ్చి రాసుంటారని మీ బావ అక్కడే కళ్ళు తుడుచుకున్నారు. లాయరుగారు మాత్రం చటుక్కున తేల్చేశారు. లేని కూతురికి రాసింది చెల్లదు గనక కింది ఇల్లు కొడుక్కే వస్తుందట. కోడలంటే నేనే గనక మేడ నాకట. "అంతా మీ ఇంట్లోనే ఉంది కదమ్మా, ఇంకేంటి మీకు బాధ?" అని నన్నే అడిగారు.

బాధ కాదూ! అందులో నువ్వేవి? అత్తయ్యగారు మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టిందెవరు? మామయ్యగారికి పథ్యం వండిందెవరు? సొంత అక్క కూతుర్ని, పదిహేనేళ్ళుగా తన నెత్తిమీద మేడలో ఉన్న మనిషిని, ఆయన మర్చిపోతారా? ఎక్కడో తప్పు జరిగింది. మా వంశీ జావా నేర్చుకుంటున్నాడుగా, వాడేమో "తాతయ్య వేరియబుల్స్ డిక్లేర్ చెయ్యకుండా ప్రోగ్రాం రాసేశాడమ్మా" అని నవ్వాడు. వాడన్నది నాకర్థం కాలేదు గానీ, నవ్వినందుకు వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ తప్పేదో దిద్దించేదాకా నాకు అన్నం సయించదు.

నీ చెల్లెలు,
వసుమతి

*

తాడేపల్లిగూడెం,
21-11-1999

చి.ల.సౌ. వసుమతికి,

నాగక్క ఆశీస్సులు. అమ్మ గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా వస్తోంది. వచ్చి, దారేపోయే ప్రతివాళ్ళకీ తను పడిపోయిన కథ మొదట్నుంచీ చెబుతోంది. కథలో మెట్లు రోజుకొకటి పెరుగుతున్నాయి.

విల్లు సంగతి చదివాను. అందులో తప్పేమీ లేదు, లాయరుగారు చెప్పిందే సబబు. పోయిన మనిషి రాసిన కాగితాన్ని మనం దిద్దడమేంటి? మా ఆయన పోయాక దిక్కు తోచకుండా ఉన్న నన్ను మామయ్య వచ్చి తీసుకెళ్ళాడు. నీడనిచ్చాడు, నలుగురికి వండిపెట్టి బతికే దారి చూపించాడు. అంతకంటే ఇంకేం రాయాలి?

నేనొకటి అనుకున్నాను. ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చూసే మనిషి కావాలంటున్నారు. కొత్త సంవత్సరం నుంచి వస్తానని మాటిచ్చాను. మేడ తాళం తీయించి సామాను కిందకి దింపించు. గుండిగలు, గ్రైండరు ఎవరికైనా ఇచ్చెయ్యి. నాలుగు కంప్యూటర్లు వేసుకుని ఎవరో ఒకరు క్లాసులు చెప్పుకుంటారు. మైత్రీవనం పక్కన మేడ ఖాళీగా ఉంచడం పాపం.

మామయ్య ఉన్నన్నాళ్ళూ అది మా మామయ్య ఇల్లు. ఇప్పుడది నీ ఇల్లు. చెల్లెలి ఇంట్లో చుట్టపుచూపుగా నాలుగు రోజులుంటే ముద్దు గానీ పాతుకుపోతే బాగోదు. కోపం తెచ్చుకోకు. దుర్గేష్‌కి మజ్జిగ పులుసంటే ఇష్టం, ఒక పూట పెట్టు.

నాగక్క

*

అమీర్‌పేట,
5-12-1999

నాగక్కా,

నమస్కారాలూ లేవు, గిమస్కారాలూ లేవు. నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండిపోయింది. చుట్టపుచూపట! గుండిగలు ఇచ్చెయ్యాలట! ఒక్క గంటె కూడా కదలదు, ఏం చేసుకుంటావో చేసుకో. మజ్జిగ పులుసు మాత్రం పెట్టాను. దుర్గేష్ తిని, "బాగుంది ఆంటీ" అని, కాసేపాగి, "అక్క ఎప్పుడొస్తది?" అన్నాడు. అర్థమైంది నాయనా అనుకున్నాను.

ఇదిలా కాదని నేనే హుస్సేన్ భాయ్ షాపుకెళ్ళాను. ఆయన సీ ప్లస్ ప్లస్ నోట్సు కట్టలు కట్టలుగా జిరాక్సు తీస్తున్నారు. మామయ్యగారికి ఆ రోజు మతి సరిగ్గానే ఉందా అని అడిగాను. మిషను ఆపేశారు.

"గదేంటమ్మా గట్లంటరు? గీ కుర్చీల కూసునే రాసిండు. నేను సుత చెప్పిన, సాబ్, పేర్లు రాయుండ్రి, రేపు అందరు పరేషాన్ అయితరు అని. ఏమన్నడో తెలుసా? 'ఇంట్లోవాళ్ళని నేను రిజిస్టరు పేర్లతో పిలుస్తానా హుస్సేన్? పిలుచుకున్నట్టే రాస్తాను. పలికేవాళ్ళకి తెలుస్తుంది' అన్నడు."

ఫఖ్రున్నీసా గారు లోపల్నుంచి, "నవ్వుకుంట రాసిండు బేటీ. మతి లేనోళ్ళు గంత మంచిగ నవ్వరు" అన్నారు.

షాపు మెట్లు దిగి సందులోకి వచ్చేసరికి మామయ్యగారి గొంతు నా చెవిలో వినబడిందక్కా. "అమ్మాయ్, కాఫీ!" అని. "అమ్మాయ్, పేపరొచ్చిందా!" అని. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి పోయేదాకా ఆయన నన్ను అమ్మాయ్ అనే తప్ప ఇంకో మాటతో పిలవలేదు. మా అమ్మాయికి. అది నేనేనక్కా! కోర్సుల కాగితాలు పంచే పిల్లల మధ్య నిలబడి బావురుమన్నాను. ఒకడు పాపం ఏం చెయ్యాలో తెలీక నా చేతిలో ఒరాకిల్ కోర్సు కాగితం పెట్టాడు. దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను.

మరి నీకొక ప్రశ్న. అమ్మాయిని నేనైతే ఆ కోడలెవరు? నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని ఎరిగినదానివి నువ్వు. ఎవర్ని కోడలా అని పిలిచేవారు? మీ బావనడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారు. పొద్దున చదివేసిన పేపరే.

వసుమతి

*

తాడేపల్లిగూడెం,
18-12-1999

చి.ల.సౌ. వసుమతికి,

ఆశీస్సులు. మామయ్యకి అమ్మాయివి నువ్వేనని చదివి నాకు కడుపు నిండింది. నిజం. ఆ మాటకి నువ్వు తగినదానివి.

కోడలెవరంటావా? మామయ్య ఆ మాట అననిదెవర్ని! కూరలమ్మే ఆవిణ్ణి అనేవాడు, పాలు పోసే ఆవిణ్ణి అనేవాడు. దానికి అర్థాలు వెతుకుతూ కూర్చోకు. కాగితంలో కోడలంటే లోకానికి తెలిసిన కోడలే. కింది ఇల్లూ నీదే, మేడా నీదే.

మొన్న హాస్టలు వంటిల్లు చూసొచ్చాను. గాలీ వెలుతురూ బాగున్నాయి. ఆ పిల్లలు మరీ పిట్టల్లా తింటారట. అదొక్కటే నాకు నచ్చలేదు.

నాగక్క

వసుమతీ, నేను పెద్దమ్మని. నాగేశ్వరి స్టాంపు కొనడానికి వెళ్ళింది, గబగబా రాస్తున్నాను. పైన అది రాసింది పచ్చి అబద్ధం. కూరలావిడా లేదు, పాలావిడా లేదు. మా తమ్ముడు ఆ మాటతో పిలిచింది దీన్నొక్కదాన్నే. పురిటి గదిలోకి తొంగిచూసి, "వచ్చిందే నా కోడలు!" అన్నాడు. తన కొడుకు సూర్యానికి చేసుకోవాలని వాడి ఆశ. దీని నాన్న పంతానికి పోయి బయటి సంబంధం చేశాడు. అయినా వాడి పిలుపు మారలేదు. నీ పెళ్ళయ్యాకే మానేశాడు. ఎందుకు మానేశాడో ఇది నాకూ చెప్పదు. నేను రాశానని దానికి తెలియనివ్వకు. నాకిప్పటికే ఒక కాలు బాగాలేదు.

*

అమీర్‌పేట,
2-1-2000

నాగక్కకి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. వైటూకే వైటూకే అని భయపెట్టారు గానీ ఒక్క కంప్యూటరూ ఆగలేదు. మా ఇంట్లో మాత్రం మీ బావ ఆగిపోయారు. కాఫీ తాగుతుండగా అడిగేశాను, "నాగక్కని మామయ్యగారు కోడలా అని పిలిచేవారట కదా?" అని. గ్లాసు నోటి దగ్గరే ఉండిపోయింది.

"నీకెవరు చెప్పారు?" అన్నారు.

"అంటే నిజమే అన్నమాట!"

"లాయరుగారి దగ్గరే నాకు స్ఫురించింది వసూ. చెబితే ఆ పాత మేనరికం గొడవంతా తవ్వినట్టవుతుందని, నువ్వు మనసు కష్టపెట్టుకుంటావని..."

ఇంకేముంది, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కా, నీకూ మీ బావకీ పెళ్ళి చేయాలనుకున్న సంగతి నా పెళ్ళిపందిట్లోనే ఎవరో పుణ్యాత్మురాలు నా చెవిలో ఊదింది! అప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసే నీ చేతి అన్నం తిన్నాను, తెలిసే నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. మామయ్యగారు దాచారు, మీ బావ దాచారు, నువ్వు దాచావు. ముగ్గురూ కలిసి నన్ను గాజుబొమ్మని చేసి అల్మారాలో పెట్టారు. నేనంత అల్పురాలిలా కనిపించానా మీకు? అడిగితే చెప్పేదాన్ని కదా, నువ్వు కోడలివైతే నేను కూతుర్నయ్యానని. ఎవరికి లాభం, చెప్పు!

ఎవరు చెప్పారని మాత్రం అడక్కు. పెద్దమ్మ కాలు జాగ్రత్త.

ఆయన్ని బయల్దేరదీసి మళ్ళీ పంజాగుట్ట వెళ్ళాను. పోయినవాళ్ళ విల్లులో చుక్క కూడా మార్చడానికి వీల్లేదట. అయితే అందులో ఏ మాట ఎవర్ని ఉద్దేశించిందో హక్కున్నవాళ్ళంతా ఒప్పుకుని, ఇంకో కాగితం రాసి రిజిస్టరు చేసుకోవచ్చట. హుస్సేన్ భాయ్ వచ్చి సాక్ష్యం చెబుతానన్నారు. లాయరుగారు రాసిపెట్టారు కూడా: "అమ్మాయి అనగా వసుమతి. కోడలు అనగా నాగేశ్వరి."

దీంతో కింది ఇల్లు మీ బావకి కాకుండా నాకొస్తుంది. "మరి నేనెక్కడుండాలి?" అన్నారు. "అద్దెకుండండి. బుద్ధిగా ఉంటే చూద్దాం" అన్నాను. నవ్వి, సంతకం పెడతానన్నారు. గడియారం అప్పుడే పెట్టేసుకున్నారు, ఆఫీసుకి మాత్రం ఆలస్యంగానే వెళుతున్నారు. ఇక నీ సంతకమే కావాలి. ఎప్పుడొస్తున్నావు?

వసుమతి

*

తాడేపల్లిగూడెం,
20-1-2000

వసుమతీ,

అమ్మే రాసిందని నాకు తెలుసు. స్టాంపు కొనుక్కొచ్చేసరికి అమ్మ వేలికి సిరా అంటి ఉంది.

మామయ్య ఎందుకు మానేశాడో చెబుతాను, విను. నువ్వు కొత్తకోడలిగా గడప దాటిన రోజది. ఇల్లంతా చుట్టాలు. మామయ్య అలవాటు కొద్దీ, "కోడలా, మంచినీళ్ళు!" అని కేకేశాడు. నేను లేచాను. పీటల మీద నుంచి నువ్వూ లేచావు. ఎవరో ముసలావిడ కిసుక్కున నవ్వింది. నీ మొహం ఇంతైపోయింది, వసూ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మామయ్య చూశాడు. అంతే, ఆ పూట నుంచి నువ్వు అమ్మాయివి, నేను నాగూని. నాతో ఒక్క మాటా చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆయన మేడ మీదే అన్నేళ్ళున్నాను. పొరపాటున కూడా ఆయన నోరు జారలేదు.

నీ మొదటి ఉత్తరంలో "మా కోడలికి" అన్న మాట చదివి, వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఏడ్చాను. మామయ్య మర్చిపోలేదు, దాచుకున్నాడు. నాకదే చాలు.

సంతకం మాత్రం పెట్టను. కోడలు అనగా నాగేశ్వరి అని స్టాంపు పేపరు మీద రాస్తే ఏమంటారు? ఒక్క కొడుకున్న ఇంట్లో ఇద్దరు కోడళ్ళేంటని రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా దగ్గర్నుంచి నవ్వరూ? మొగుడు పోయిన మనిషిని. మీ ఇంటి మేడ మీద ఇన్నాళ్ళూ ఒక్క మాట పడకుండా బతికాను. ఇప్పుడు నాతోపాటు బావనీ, నిన్నూ వీధిన పెట్టనా? మేడ నాకొద్దు. ఆ మాట కావాలి. అందుకే దాన్ని నలుగురి నోళ్ళలో పడెయ్యలేను.

హాస్టల్లో చేరాను. పిల్లలు నిజంగానే తినరు.

నాగక్క

*

అమీర్‌పేట,
1-2-2000

నా పిచ్చి అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ తల బాదుకున్నాను. నా మొహం ఇంతైపోయిందా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయా? తిరగవూ మరి! ఆ రోజు నాకేసిన పూలజడ గుర్తుందా? మూరెడు మల్లెదండలు, సూదులు, సవరం. తెల్లవారుజాము నుంచి తల పగిలిపోతోంది. చటుక్కున లేచేసరికి జడ కొస పీట కింద ఇరుక్కుని పీకింది. ప్రాణం పోయినంత పనైంది. కోడలా అన్న కేకకి లేచానంతే. నువ్వూ లేచావనీ, ఆ ముసలావిడ నవ్విందనీ నాకు తెలియనే తెలియదు.

పూలజడ లాగిందని చెప్పడానికి కొత్తపెళ్ళికూతురికి సిగ్గు. ఏమైందమ్మా అని అడగడానికి మామయ్యగారికి మొహమాటం. దానికోసం ఇన్నేళ్ళూ నిన్ను నోరారా పిలుచుకోలేకపోయారా! ఆయన పొరపాటు పడ్డారంటే అక్కడే పడ్డారక్కా, విల్లులో కాదు. నాకు నవ్వొచ్చి, తర్వాత ఏడుపొచ్చి, అన్నం మాడిపోయింది.

నీ భయం మాత్రం న్యాయమైనదే. లాయరుగారికి చెప్పాను, ఆ మాట అలా రాస్తే మా అక్క సంతకం పెట్టదండీ అని. ఆయన విసుక్కుని, "అసలావిడ మీ మామగారికి ఏమవుతారమ్మా?" అన్నారు. "మేనకోడలండీ" అన్నాను. కలం ఆపేశారు.

"మళ్ళీ అనండి."

"మేనకోడలు."

కాగితం చింపేసి కొత్తది రాయించారు. ఇప్పుడిలా ఉంది: "వీలునామాలో 'కోడలు' అను మాటకు ముందు 'మేన' అను రెండక్షరములు పొరపాటున విడువబడినవి. కోడలు అనగా మేనకోడలు నాగేశ్వరి అని మేమందరమూ అంగీకరించుచున్నాము." ఇంక ఏ గుమాస్తా నవ్వుతాడో నవ్వమను! మేనమామ మేనకోడలికి వాటా రాస్తే వింతేముంది? మీ బావ అప్పుడే సంతకం గీకేశారు, నేనూ పెట్టాను.

ఆయన ఆ రెండక్షరాలూ మర్చిపోలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిందైతే ఆయన మీదే వేశాను, ఏమీ అనుకోరులే. కాగితానికి నువ్వు మేనకోడలివి. మామయ్యగారి దస్తూరీలో ఉన్నది మాత్రం ఉన్నట్టే ఉంటుంది. దాన్ని నువ్వూ దిద్దలేవు, నేనూ దిద్దలేను, పంజాగుట్ట లాయరూ దిద్దలేడు. 

ఇక మేడ నాది కాదు. దానికి తాళం వేసి ఉంచాలో, తీసి పొయ్యి వెలిగించాలో దాని యజమానురాలే వచ్చి చూసుకోవాలి. నేను చుట్టపుచూపుగా అప్పుడప్పుడూ వస్తుంటాను.

నీ చెల్లెలు,
వసుమతి

*

తాడేపల్లిగూడెం,
11-2-2000

వసూ,

పూలజడా! అమ్మకి చదివి వినిపిస్తే, నడుం పట్టుకుని నవ్వింది. తర్వాత తమ్ముడి చిన్ననాటి కబుర్లు చెబుతూ కూర్చుంది.

హాస్టలు వాళ్ళకి వేరే మనిషిని చూసుకోమన్నాను. పిట్టలకి వండటం నా వల్ల కాదు. గుండిగలు తోమించి ఉంచు. చింతపండు, కందిపప్పు ఇక్కడ్నుంచి తెస్తాను. నేను వచ్చేదాకా పిల్లల్ని నీ మజ్జిగ పులుసుతో భయపెట్టకు. అమ్మ కూడా వస్తోంది. తను మెట్లెక్కలేదు గనక కింద అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. అద్దెకున్నాయన ఏమీ అనుకోరుగా?

ఆ విల్లు లాయరుగారి దగ్గర్నుంచి తెచ్చి ఇంట్లో పెట్టు. ఆ మాట ఒక్కసారి ఆయన అక్షరాల్లో నా కళ్ళతో చూసుకోవాలి. మామయ్య నోటితో పిలవడం మానేసి, చేత్తో పిలిచాడు. ఇన్ని నెలలూ నేను వినబడనట్టు ఇక్కడ కూర్చున్నాను. పెద్దవాళ్ళు పిలిస్తే పలకాలి కదా.

19వ తేదీ శనివారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాం.

ఇట్లు,
మామయ్య కోడలు
నాగేశ్వరి